మంచులో ఆగిన పులిజూదం

మధ్యాహ్నం రెండు గంటలకు సరిహద్దు కాపలా పోస్టు చేరాం. సెప్టెంబరు మొదటి వారం. ఎండ కాస్తోంది గానీ అందులో వేడి లేదు. కింద బేస్ క్యాంపు నుంచి రెండు రోజుల నడక. చివరి గంటలో ఇరవై అడుగులకోసారి ఆగి ఊపిరి తీసుకున్నాం. ఎత్తు పదిహేను వేల అడుగులకు కాస్త తక్కువ. చెట్టు లేదు, పొద లేదు. రాయి, గాలి, మళ్ళీ రాయి. సిక్కిం ఉత్తరాన ఒక కొండ భుజం మీద రాళ్ళు పేర్చి, పైన రేకులు కప్పి, అవి ఎగిరిపోకుండా ఇసుక బస్తాలు పెట్టిన నాలుగు బంకర్లు. అదే పోస్టు. దాని పేరు రాయను. ఆ అలవాటు ఇంకా పోలేదు.

ఇది డెబ్బైల చివరి మాట. నాకప్పుడు ఇరవై ఆరేళ్ళు. ఊరు వడమాలపేట. పని వైర్‌లెస్ ఆపరేటరు. పోస్టు మీద పదిహేడు మందిమి, మా మీద ఒక లెఫ్టినెంటు. ఆయన బెంగాలీ, నాకంటే రెండేళ్ళు చిన్న. తెలుగువాళ్ళం ఇద్దరమే. నేను, వంటవాడు.

వీపు మీది సెట్టు దించకముందే వంటవాడు టీ మగ్గుతో వచ్చాడు.

"యా ఊరప్పా?"

"వడమాలపేట."

"అట్నా! నాది పాకాల. స్టేషను ఎనకాలే ఇల్లు. రైలు కూత వినబడకపోతే నిద్ర పట్టదు నాకు. ఈడ సూడు, కూసేదానికి కాకి గూడా లేదు."

"వచ్చి ఎన్నాళ్ళయింది?"

"అడగొద్దు. అడిగితే లెక్కపెట్టుకోవాల. లెక్కపెట్టుకుంటే ఏడుపొస్తాది. టీ తాగు, సల్లారిపోతాది."

మగ్గు నోటి దాకా వచ్చేలోపే టీ చల్లారింది.

మనిషికి ఒక జత మంచు బూట్లు, మూడు జతల ఉన్ని మేజోళ్ళు, దూది కోటు, నల్ల కళ్ళజోడు, పడుకునే సంచి ఇచ్చారు. నాకు అదనంగా సెట్టు, రెండు బ్యాటరీలు. చలికి బ్యాటరీ చచ్చిపోతుంది. అందుకని దాన్ని సంచిలో పొట్ట దగ్గర పెట్టుకుని పడుకోవాలి. ఇంకు గడ్డకడుతుంది. బాల్‌పెన్నుతో గీత పడదు. ఏది రాసినా పెన్సిలుతోనే.

రాయడానికి నాకు కారణం ఉంది. నా సామానులో ఒక ఉత్తరాల కట్ట ఉంది.

అప్పట్లో వారపత్రికల్లో కలంస్నేహం పేజీ వచ్చేది. పేరు, వయసు, చిరునామా, అభిరుచులు. అభిరుచుల దగ్గర అందరూ ఒకటే రాసేవారు: స్టాంపులు, సినిమాలు, కలంస్నేహం. అంతకుముందు ఏడాది మైదాన ప్రాంతంలో, కంటోన్మెంటులో ఉన్నప్పుడు ఆదివారాలు గడవక నేనూ నా వివరాలు పంపాను. అచ్చయ్యాయి. ముప్పై దాకా ఉత్తరాలు వచ్చాయి. ఒకాయన క్యాంటీను రమ్ము కావాలన్నాడు. ఒకాయన బూట్ల సైజు పంపాడు. గూడూరు నుంచి నిమ్మకాయల వ్యాపారి కొడుకు, మిలిటరీవాళ్ళు ఏడాదికి ఎన్ని బస్తాల నిమ్మకాయలు వాడతారని అడిగాడు. పద్మావతి అనే పేరుతో ఒక ఉత్తరం వచ్చింది. నేను చాలా రోజులు దాచుకున్నాను. పోస్టు మీద వంటవాడు దాన్ని ఒక్కసారి చూసి తేల్చేశాడు.

"ఈ పద్మావతికి మీసాలుండాయప్పా. అక్షరం సూడు, ఎద్దు నడిచినట్ట."

ఏడాది తిరిగేసరికి ఆ ముప్పై మందిలో ఒక్కడు మిగిలాడు. నగరిలో చేనేత పని చేసే మునిరత్నం. సైనికుల చిరునామాలో ఊరి పేరు ఉండదు. ఒక అంకె, ఏపీఓ అనే మూడక్షరాలు ఉంటాయి. మునిరత్నం దాన్ని ఊరనుకున్నాడు. మొదటి ఉత్తరంలోనే అడిగాడు: "మీ ఏపీఓలో వానలు పడినాయా? ఆడ పంచెలు ఎవురు నేస్తారు?"

నవ్వుకుని జవాబు రాశాను. అలా మొదలైంది.

మేం ఉన్న చోటు నుంచి ఏది రాయాలన్నా నిబంధనలుండేవి. చోటు రాయకూడదు. వాతావరణం రాయకూడదు. ఎంతమందిమో రాయకూడదు. అవి తీసేస్తే సైనికుడికి రాయడానికి మిగిలేది సొంత ఊరే. నేను వడమాలపేట గురించి రాసేవాణ్ణి. అతను నగరి గురించి రాసేవాడు. రెండు ఊళ్ళకూ మధ్య బస్సులో గంట ప్రయాణం. ఇద్దరం చిన్నప్పటి నుంచి చూసింది ఆ ఒక్క నగరి కొండనే. ముక్కులా పొడుచుకొచ్చిన దాని కొన మా వైపు నుంచి ఎలా కనిపిస్తుందో, వాళ్ళ వైపు నుంచి ఎలా కనిపిస్తుందో దేశం ఈ చివరి నుంచి ఆ చివరికి ఉత్తరాలు పంపుకుని చెప్పుకున్నాం. అప్పటికి ఒకరి ముఖం ఒకరం చూడలేదు.

సెప్టెంబరు నెలాఖరులో వచ్చిన ఉత్తరం వేరుగా ఉంది.

"కాలు ఇరిగింది. కుడి తొడ, రెండు చోట్ల. నూలు మూట సైకిలుకు కట్టుకొని వస్తా ఉంటే లారీ రాసుకొని పాయ. పుత్తూరులో ఎముకల వైద్యుడు కట్టు కట్టినాడు. శివరాత్రి దాకా కాలు నేల మీద పెట్టగూడదంట. పెడితే వంకరగా అతుక్కుంటాదంట. మంచం మీద పండుకొని దూలాలు లెక్కపెడతా ఉండాను. ఏమన్నా ఆట ఆడదాం సామీ."

అతనిది గుంట మగ్గం. నేతగాడు గట్టు మీద కూర్చుని, కాళ్ళు గుంటలోకి దించి, రెండు పాదాలతో కింది చెక్కలు తొక్కుతూ నేస్తాడు. రెండు కాళ్ళూ సమానంగా ఆడాలి. కాలు వంకరైతే ఆ గుంటలో చోటు లేదు. శివరాత్రి దాకా మంచం దిగకుండా ఉంటే మునిరత్నం నేతగాడు. దిగితే కాదు. ఉత్తరం అంచున వేరే చేతిరాత ఉంది. అతని భార్య రాజమ్మది.

"అన్నా, మీ జాబు వచ్చిన దినం మాత్రమే కదలకుండా పండుకుంటాడు. మిగతా దినాలు దిగుతానని ఒకటే కొట్లాట. రాస్తా ఉండండి."

ఆట అతనే ఎంచాడు. పులిజూదం. మా వైపు బండల మీద సుద్దతో గీసుకుని ఆడే ఆట. మూడు పులులు, పదిహేను మేకలు. పులి మేక మీదుగా దూకి దాన్ని చంపుతుంది. మేకలు గుంపుగా చేరి పులికి కదలడానికి చోటు లేకుండా చేస్తాయి. మునిరత్నం ఉత్తరంలోనే పటం గీసి, గీతలు కలిసే ప్రతిచోటా ఒక అంకె వేశాడు. "నువ్వు మిలిటరీవాడివి. పులులు నీవి. మేకలు నావి" అని రాశాడు.

ఉత్తరానికి పోను పది రోజులు, రాను పది రోజులు. ఒక్కో ఎత్తు వేసుకుంటూ పోతే ముసలివాళ్ళమవుతాం. అందుకని షరతులు పెట్టుకున్నాం. 'నువ్వు మేకను తొమ్మిదిలో పెడితే నా పులి మూడుకు వస్తుంది. పదకొండులో పెడితే కదలదు.' ఒక్కో ఉత్తరంలో నాలుగైదు ఎత్తులు అలా పోయేవి. వంటవాడు పిండి డబ్బా మూత మీద బొగ్గుతో పటం గీశాడు. పప్పు బద్దలు మేకలు. తుపాకి గుండ్ల ఖాళీ తొడుగులు పులులు. వాడు ఎప్పుడూ మేకల పక్షమే.

"మనూరోడు, మంచంలో ఉండాడు. వాణ్ణి ఓడించాలని నీకెట్ల మనసొస్తాది?"

"ఓడిపోతే ఆట అయిపోతుంది. ఆట అయిపోతే వాడు మంచం దిగుతాడు."

"అదీ నిజమే. అట్లయితే సాగదీయి. మెల్లిగా తినాల పులి."

పోస్టు నుంచి పోయే ఉత్తరాలు అంటించకుండా ఇవ్వాలి. కింద బేస్‌లో ఎవరో ఒకరు చదివి, ముద్ర వేసి పంపిస్తారు. తెలుగు ఉత్తరాలు చదివేది అనంతపురం సుబేదారు ఒకాయన. పెద్దవాడు. ఆయనా ఆ ఆట ఎరిగినవాడే. నా ఎత్తులు చదివి ముద్ర వేసి ఊరుకునేవాడు కాదు. కంచర గాడిదల మీద రేషను వచ్చినప్పుడు, సంచిలో నా పేరు మీద ఒక చీటీ ఉండేది. "రెండో పులి జాగ్రత్త." ఇంకోసారి, "నీ ఆట సూస్తే నాకు సిగ్గయితాంది."

నవంబరుకల్లా పదకొండు మేకలు పటం మీదికి వచ్చాయి. నేను రెండింటిని తిన్నాను. మునిరత్నం నా రెండో పులిని మూల చేర్చి చుట్టూ మూసుకొస్తున్నాడు. ఆఖరి ఉత్తరంలో గర్వంగా రాశాడు: "పన్నెండో మేక ఎనిమిదిలో. నీ రెండో పులికి దారి మూసేసినా. ఇంక ఊపిరాడదు సూడు."

అది అందిన వారానికి మంచు మొదలైంది. రెండు రోజులు ఆగకుండా పడింది. మూడో రోజు ఉదయం లెఫ్టినెంటు అందరినీ నిలబెట్టి చెప్పాడు. మాటలు హిందీవి, ఇక్కడ తెలుగులో రాస్తున్నాను.

"రేపు తొమ్మిదికి చివరి ఉత్తరాల సంచి కిందికి పోతుంది. మళ్ళీ దారి తెరిచేది మేలో. ఉత్తరాలు రాసుకోండి. దారి మూసుకుంటోందని మాత్రం ఎవరూ రాయకూడదు."

నేను అడిగాను. "ఉత్తరాలు ఆలస్యమవుతాయని రాయొచ్చా సార్?"

"రాయొచ్చు. ఎందుకో రాయకూడదు. ఎన్నాళ్ళో రాయకూడదు."

ఆ పగలంతా రాశాను. నాలుగు కాగితాలు, రెండు వైపులా. శివరాత్రి దాకా సరిపోయేటట్లు ఎత్తులు. అతను ఇలా వేస్తే ఇది, అలా వేస్తే అది. కొమ్మలకు కొమ్మలు. వంటవాడు మూత ముందు కూర్చుని మునిరత్నం తరఫున ఆలోచించి చెప్పేవాడు, నేను దానికి పులి జవాబు రాసేవాణ్ణి. చివర్లో ఇలా రాశాను: 'నా జాబులు ఆలస్యం కావచ్చు. ఎందుకని అడగొద్దు. ఈ ఎత్తులు రోజుకొకటి చొప్పున వేసుకో. ఒకేసారి చదవొద్దు. కాలు దించొద్దు.'

పెన్సిలు రెండుసార్లు చెక్కాల్సి వచ్చింది. సంచి తొమ్మిదింటికి పోయింది. తర్వాత దారి ఉన్న చోట తెల్లటి వాలు మిగిలింది.

చలికాలం గురించి చెప్పేందుకు పెద్దగా ఏమీ లేదు. ఉదయం ఏడుకు, సాయంత్రం ఐదుకు బేస్‌తో మాటలు. గాలి, మంచు మందం, కిరసనాయిలు, మనుషుల ఆరోగ్యం. మధ్యలో పార పట్టి బంకరు గుమ్మం తవ్వుకోవడం. మంచు కరిగించి నీళ్ళు చేసుకోవడం. కాపలా గంటన్నర. అంతకు మించితే పాదం వేళ్ళు పోతాయి. డిసెంబరులో మోర్టారు పేల్చే మనిషికి రెండు వేళ్ళు నల్లబడ్డాయి. కిందికి దించే వీలు లేదు. అక్కడే ఉండి, ఆ వేళ్ళను చూసుకుంటూ కూర్చున్నాడు.

జనవరిలో ఒక ఉదయం బేస్ ఆపరేటరు మామూలు మాటలు అయ్యాక ఆగమన్నాడు. అతను మలయాళీ. ముఖం చూడలేదు గానీ గొంతుతో స్నేహం.

"నీ సాహెబును పిలువు. నీ సంగతే. ఓవర్."

లెఫ్టినెంటు వచ్చి హెడ్‌ఫోను చెవికి పెట్టుకున్నాడు. చాలాసేపు విన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"మూడు పులులు ఎవరు?"

నాకు అర్థం కాలేదు.

"మూడు పులులు, పదిహేను మేకలు. ఎనిమిది దగ్గర దారి మూసుకుంది. మేక తొమ్మిదికి వస్తే పులి మూడుకు పోతుంది. నీ ఉత్తరమేనా ఇది?"

అనంతపురం సుబేదారు చివరి సంచి బేస్ చేరకముందే సెలవు మీద వెళ్ళిపోయాడు. తెలుగు ఉత్తరాలు ఇంకో అధికారి చేతికి వచ్చాయి. ఉత్తరాదివాడు. సికింద్రాబాదులో ఉన్నప్పుడు పుస్తకం పెట్టుకుని తెలుగు నేర్చుకున్నాడట. ప్రతి మాటనూ సరిగ్గానే చదివాడు, సరిగ్గానే అర్థం రాసుకున్నాడు. ఆట ఒకటుందని మాత్రం ఆయనకు తెలియదు. పైగా 'ఎందుకని అడగొద్దు', 'రోజుకొకటి చొప్పున'. ఉత్తరం నవంబరులోనే పక్కన పెట్టేశారు. విచారణ కోసం ఇప్పుడు అడుగుతున్నారు.

"అది ఆట సార్."

"పోస్టు మీద ఉన్నది పదిహేడు మంది. పదిహేను అనే అంకె వాళ్ళకు మన లెక్కకు దగ్గరగా కనిపించింది."

"సార్, మూత తెప్పిస్తాను. చూడండి."

వంటవాడు మూత తెచ్చాడు. లెఫ్టినెంటు బుఖారీ పొయ్యి పక్కన పెట్టె మీద కూర్చున్నాడు. మేకలు ఆయన తీసుకున్నాడు, పులులు వంటవాడు. పావుగంటలో ఆయన మేకలు ఆరు పోయాయి. ఇంకో ఆట అన్నాడు. అదీ పోయింది. వంటవాడు నా చెవిలో గొణిగాడు.

"గెలిపించేదా? కోపం తెచ్చుకుంటాడేమో."

లెఫ్టినెంటుకు కోపం రాలేదు. లేచి సెట్టు దగ్గరికి వచ్చి తనే చెప్పాడు. "నేను ఆడి చూశాను. ఇది పల్లెటూరి ఆట. ఇందులో ఏమీ లేదు. నా మాటగా రాసుకోండి. ఉత్తరం పంపించేయండి. ఓవర్."

జవాబు సాయంత్రం ఐదుకు వచ్చింది. కాగితాలు పై ఆఫీసుకు పోయాయి. అక్కడ నుంచి తిరిగి వచ్చాక చూస్తారు.

ఉత్తరం మీద ఆశ వదిలేశాను. ఒక్క వాక్యం చేరితే చాలనుకున్నాను. చలికాలంలో మాకు నెలకొక క్షేమ సందేశం ఉండేది. అచ్చు వాక్యాల పట్టిక ఒకటి ఉంటుంది. మనం అంకె చెబితే చాలు, కింద నుంచి ఆ వాక్యం ఇంటికి తంతిగా పోతుంది. మూడు అంటే 'క్షేమంగా ఉన్నాను.' నాది ప్రతి నెలా మా నాయనకు పోయేది. ఈ నెలది నగరికి పంపమని అడిగాను.

"రక్తసంబంధమా? ఓవర్."

"కాదు. కలంస్నేహితుడు. ఓవర్."

కొంచెంసేపు గరగర శబ్దం. "దోస్త్, రికార్డులో ఉన్న పేరుకే పోతుంది. ఓవర్."

"మా నాయనకు పోయేదాంట్లో ఒక్క మాట కలపండి. నగరి మునిరత్నం కాలు దించొద్దని. ఓవర్."

"కలపడానికి అందులో మాటలు లేవు. అంకె ఒక్కటే. రికార్డు మార్చాలంటే సంతకంతో కాగితం రావాలి. ఓవర్."

కాగితం రావాలంటే దారి ఉండాలి. వంటవాడు పక్కనే నిలబడి విన్నాడు. హిందీ వాడికి బాగానే వచ్చు.

"నా సందేశం ఎవురికీ అక్కర్లేదప్పా. మాయమ్మ పోయి ఐదేండ్లాయ. మాయన్నకు పోతా ఉండాది, వాడు సదవడు గూడా. నా దాన్ని రాజమ్మకు పంపమను."

"నీదీ అంతే. రికార్డులో మీ అన్న పేరే ఉంది."

"ఓరబ్బా. స్నేహితుడికి ఒక పేరు రాసుకునే చోటన్నా పెట్టకపోయిరే."

సెట్టు కట్టేసి బ్యాటరీ సంచిలో పెట్టుకున్నాను. ఆ నెల కూడా నాయనకు మూడు పంపాను.

శివరాత్రి ఏ రోజో వంటవాడే గుర్తుపెట్టుకున్నాడు. పాలపొడితో పాయసం చేశాడు. అందరికీ పోశాడు, ఎందుకో ఎవరికీ చెప్పలేదు. నా దగ్గరికి వచ్చి, "ఈ దినం దిగుంటాడు మంచం. కట్టు ఇప్పుంటారు" అన్నాడు.

మే రెండో వారంలో మొదటి గాడిదలు వచ్చాయి. పోస్టు మొత్తానికి రెండు సంచుల ఉత్తరాలు. మోర్టారు మనిషి ఆ గాడిదలతోనే కిందికి పోయాడు. నాకు మునిరత్నం నుంచి నాలుగు వచ్చాయి. తారీఖుల వరసలో పెట్టుకుని చదివాను.

మొదటిది: "నీ ఎత్తు రాలేదు. యోచన చేస్తా ఉండావా?"

రెండోది: "ఊపిరాడదు అని రాసినందుకు కోపమొచ్చిందా సామీ? ఆటలో అంటాం గదా. మనసులో పెట్టుకోవద్దు."

మూడోది చాలా చిన్నది. "పన్నెండో మేకను ఎనక్కి తీసేస్తా ఉండాను. ఎనిమిది ఖాళీ. నీ పులికి దారి ఇడిచినా. ఇంక రాయి."

నాలుగోది జనవరి చివరిది. "మిలిటరీ జాబులు పేరున్న మనిషే పోయి తీసుకోవాలని ఎవురో చెప్పినారు. రేపు నేనే పోస్టాఫీసుకు పోతాను."

ఆ తర్వాత లేవు. వంటవాడు నా భుజం మీదుగా చదివాడు. ఆ మధ్యాహ్నం ఆ మూత తిరగేసి పిండి డబ్బా మీద పెట్టేశాడు.

జూలైలో మా పోస్టు మారింది. నాకు రెండు నెలల సెలవు దొరికింది. రేణిగుంటలో రైలు దిగి, ఇంటికి పోకుండా నేరుగా నగరి బస్సెక్కాను. మధ్యలో వడమాలపేట వచ్చింది. దిగలేదు. నగరిలో మగ్గాల వీధి అడిగి పట్టుకోవడం కష్టం కాలేదు. వీధి సగం మారిపోయి ఉంది. కొన్ని ఇళ్ళలో మరమగ్గాలు పడ్డాయి, వాటి చప్పుడుకు వీధిలో మాట వినిపించడం లేదు.

మునిరత్నం వసారాలో కూర్చుని రాట్నంతో నూలు కండెలు చుడుతున్నాడు. నేతగాళ్ళ ఇళ్ళలో అది ముసలివాళ్ళు చేసే పని. అతనికి ముప్పై ఐదేళ్ళుంటాయి. సన్నగా ఉన్నాడు. నన్ను యూనిఫారంలో చూసి రాట్నం ఆపాడు.

"ఏం సామీ. ఏపీఓ నుంచి దిగినావా?"

లేవబోయాడు. నేనే కింద కూర్చున్నాను. రాజమ్మ నీళ్ళు తెచ్చి ఇచ్చి, తలుపు దగ్గర నిలబడింది. సంగతి ఆమే చెప్పింది.

"మీ జాబు రాలేదని దినామూ నన్ను పోస్టాఫీసుకు తరిమేవాడన్నా. దినామూ పోయినా. లేదంటే నమ్మడు. ఆడోళ్ళ చేతికియ్యరు, నేను పోవాల అని పట్టుకున్నాడు. నేను నీళ్ళకు పోయిన గంటలో, మగ్గం కర్ర ఊతం జేసుకొని పాయ. ఆడ మెట్లు నాలుగే. మూడో మెట్టు మీద పడినాడు. కట్టు గట్టిన పుత్తూరాయన వచ్చి సూసి, ఇంక ఇప్పి కట్టినా లాభం లేదు, ఎట్ల అతుక్కుంటే అట్లే అనె."

"మగ్గం?"

"మా తమ్ముడు నేస్తా ఉండాడు దాని మీద. ఈ ఏడాది ఆయప్ప గూడా పీకేసి మరమగ్గం పెట్టుకుంటాడంట. దానికి పొద్దంతా నిలబడాల గదా. ఈయన నిలబడలేడు."

మునిరత్నం ఆమె వైపు చూశాడు. "యాల ఇదంతా? ఆయన ఇప్పుడే బస్సు దిగినాడు."

నేను చెప్పాను. ఏం జరిగిందో వరసగా చెప్పాను. మంచు, చివరి సంచి, నాలుగు కాగితాలు, సెలవు మీద పోయిన సుబేదారు, సికింద్రాబాదులో తెలుగు నేర్చుకున్న అధికారి. చెప్పకూడదనే నిబంధన ఆ రోజు నన్ను ఆపలేదు. అతను కదలకుండా విన్నాడు. విన్నాక నవ్వడం మొదలుపెట్టాడు. కళ్ళ వెంట నీళ్ళు వచ్చేదాకా నవ్వాడు.

"తుపాకులుండే మిలిటరీవాళ్ళు నా మేకలకు భయపడినారా! ఇనినావా రాజమ్మా? మన మేకలను అరెస్టు జేసినారంట!"

రాజమ్మ నవ్వలేదు. లోపలికి పోయింది.

అతను కండె చేతిలోకి తీసుకున్నాడు. నవ్వు తగ్గాక అడిగాడు. "అయితే నీకు కోపం రాలా?"

"రాలేదు."

"ఆ మేకను ఎనక్కి తీసేసినా గదా. సూసినావా?"

"మేలో చూశాను."

"తీసుండకూడదు. మంచి ఎత్తది." చేతిలో కండె తిప్పాడు. "ఆ నాలుగు కాగితాలు యాడున్నాయిప్పుడు?"

"తెలియదు. తిరిగి ఇవ్వలేదు."

"పోనీలే."

అక్కడే అన్నం పెట్టారు. భోజనం తర్వాత నేను చెప్పాను. ఈసారి మైదాన ప్రాంతంలో పోస్టింగు, ఉత్తరాలకు అడ్డు ఉండదు, వారానికి ఒకటి రాస్తాను, ఆట మొదటి నుంచి మొదలుపెడదాం అని. అతను రాట్నం చక్రం మీద చేయి వేసి ఆపాడు.

"వద్దులే సామీ."

"ఎందుకు?"

"నువ్వు రాస్తే నేను ఎదురుసూడాల. ఇంకో తూరి ఎదురుసూసే శక్తి నాకు లేదు. నువ్వు మంచోడివే. నీ మింద ఏమీ లేదు. జాబు మాత్రం వద్దు."

బతిమాలలేదు. సాయంత్రం నాలుగున్నర బస్సుకు లేచాను. వద్దంటే వినకుండా బస్టాండు దాకా వస్తానన్నాడు. రాజమ్మ చేతికర్ర అందించింది. వీధిలోకి దిగాక చూశాను. కుడి పాదం పక్కకు తిరిగి ఉంది. అది లేవదు. బొటనవేలు నేలను రాసుకుంటూ వస్తుంది. ఏమేమో మాట్లాడుతూ నడిచాడు. నూలు ధర, మరమగ్గాల చప్పుడు, వానలు. నా నడక తగ్గించుకున్నాను.

పెద్దవీధిలోకి తిరిగాక అతను మాట ఆపకుండానే నా ఎడమ వైపు నుంచి కుడి వైపుకు మారాడు. అక్కడి నుంచి రోడ్డు దాటి అవతలి అంచుకు పోయాడు. నేనూ దాటాను. యాభై గజాలు పోయాక మళ్ళీ ఇవతలికి వచ్చాడు. ఎందుకో అప్పుడు అడగలేదు.

బస్సు కదిలాక అతను చేయెత్తాడు. బస్సు మేం నడిచొచ్చిన దారిలోనే వెనక్కి పోయింది. కిటికీ పక్కన కూర్చున్నాను. ఆ వీధిలో అప్పటికింకా తారు పడలేదు. మెత్తటి దుమ్ము.

తర్వాత సైన్యం వదిలి ఈ జిల్లాలోనే చాలా ఏళ్ళు పత్రికలకు వార్తలు రాశాను. మగ్గాల గురించి, నూలు ధరల గురించి రాయడానికి నగరికి ఎన్నోసార్లు వెళ్ళాను. రెండుసార్లు ఆ వీధి మొదలు దాకా పోయి వెనక్కి వచ్చాను. ఉత్తరం ఒక్కటీ రాయలేదు. అతను అడిగిన మాట అది. మంచు, బంకరు, నల్లబడిన వేళ్ళు కలలో ఎప్పుడో గాని రావు.

వచ్చేది ఆ కిటికీలోంచి చూసినదే. దుమ్ములో రెండు జతల అడుగులు. ఒక జత పక్కన బొటనవేలు గీసిన సన్నటి గీత, నాగలి చాలులా. అది తిన్నగా వస్తూ వస్తూ, ఎర్ర తపాలా డబ్బా వేలాడుతున్న నాలుగు మెట్ల భవనం ఇంకా రాకముందే పక్కకు వంగింది. రోడ్డు దాటి, గోడ వారన పోయి, ఆ భవనం దాటాక గాని తిరిగి ఇవతలికి రాలేదు.